అద్దాల గదిలో ఎంచిన యంత్రం

మా కాలనీలో ఎవరు కొత్త ఫోన్ కొనాలన్నా, పిల్లల చదువుకు ల్యాప్‌టాప్ తీసుకోవాలన్నా ముందు మా ఇంటి మెట్లెక్కుతారు. రిటైరై రెండేళ్లయినా నా కొలువు ఇంకా తెగలేదన్నమాట. సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్లో ఒక బట్టల మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు ‘సిస్టమ్ సార్’గా పనిచేశాను. కంప్యూటర్లు, ప్రింటర్లు, గేటు దగ్గర వేలిముద్రల డబ్బా, కెమెరాలు అన్నీ నా చేతి కిందే ఉండేవి. ఏది కొనాలో, ఏది కొనకూడదో చెప్పడం నా పని. చెప్పింది కొన్నాక అది పనిచేయకపోతే దానికి ఏదో ఒక కారణం వెతికి చూపించడం కూడా నా పనే.

వచ్చే కుర్రాళ్లు ర్యామ్ ఎంత ఉండాలి, ప్రాసెసర్ ఏది మంచిది అని అడుగుతారు. చెబుతాను. ఆ తర్వాత ఇంకో సంగతి చెబుదామని నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అది నేను ఎంచిన ఒక యంత్రం గురించి. రేపు మీలో కొందరు పదిమంది కోసం యంత్రాలు ఎంచే కుర్చీలో కూర్చుంటారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను మంచివాడిగా కనిపించను, ముందే చెబుతున్నాను.

మా నాయన సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మా వాళ్లు సాంచా అంటారు. పదహారేళ్ల వయసులో నేనూ ఒక ఏడాది షెడ్డులో పనిచేశాను. అప్పుడు నాకు పని నేర్పినవాడు నాకంటే నాలుగేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. వంద సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అందుకని షెడ్డులో గొంతుతో ఎవరూ మాట్లాడరు. పెదవులు కదుపుతారు, అవతలివాడు చూసి అర్థం చేసుకుంటాడు. చా తాగుదామా అన్నా, మాస్టర్ వస్తున్నాడు జాగ్రత్త అన్నా, మూడు వరసల అవతలికి అలాగే చేరుతుంది. హిందీ, గుజరాతీ, తెలుగు, ఏదైనా సరే. ఆ పెదవుల మాట నాకు అన్నే నేర్పాడు.

తర్వాత నాకు ఐటీఐలో సీటు వచ్చింది, ఆ తర్వాత కంప్యూటర్ కోర్సు, ఆ తర్వాత ఈ మిల్లులో షెడ్డు పైన కట్టిన అద్దాల గదిలో కుర్చీ. తలుపు వేసుకుంటే ఆ గదిలోకి సాంచాల చప్పుడు రాదు, సన్నటి వణుకు మాత్రం వస్తుంది. చాలా ఏళ్లకు అన్న కూడా ఇదే మిల్లులో పనికి చేరాడు. కింద మూడో వరసలో ఎనిమిది సాంచాలు ఆయనవి. నేను పైన, ఆయన కింద. పెదవుల మాట నేను చాలావరకు మరిచిపోయాను. అద్దాల గదిలో దాని అవసరం పడలేదు.

రిటైర్మెంటుకు ఐదారేళ్ల ముందు మిల్లు యజమాని సేఠ్‌కు ఒక ఆలోచన వచ్చింది. సాంచా చెడిపోతే నేతగాడు దాన్ని వదిలేసి రిపేరు చేసే మాస్టర్‌ను వెతుక్కుంటూ షెడ్డంతా తిరుగుతాడు. ఈలోపు మిగిలిన ఏడింటినీ చూసేవాడుండడు. నేతగాడు నిలబడ్డ చోటి నుంచే మాస్టర్‌కు కబురందేట్టు ఏదైనా సాధనం చూడమన్నాడు.

ఇలాంటప్పుడు ఎవరు ఏది ఎంచుకుంటారో చూడటం నాకు సరదా. మేనేజర్‌కు పక్కవాడి దగ్గర ఉన్నదే కావాలి. కామ్‌రేజ్‌లో తన బావమరిది మిల్లులో ట్యాబ్లెట్లు పెట్టారు కనుక మనమూ ట్యాబ్లెట్లే పెట్టాలన్నాడు. లెక్కలు రాసే మెహతాజీకి ఏదైనా పర్వాలేదు, తన పాత కంప్యూటర్ ముట్టుకోకపోతే చాలు. అందులో ఏ మీట ఎక్కడుందో ఆయన వేళ్లకు తెలుసు, కొత్తది వస్తే మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవాలి. సేఠ్ కూతురు పుణెలో చదివి వచ్చి అప్పుడే మిల్లు వ్యవహారాలు చూడటం మొదలుపెట్టింది. ఆమె ఏదీ తేల్చి చెప్పలేదు. “వాడేవాళ్లను అడిగారా?” అని మాత్రం అడిగింది. కొత్తగా వచ్చిన పిల్ల, మా వాళ్ల సంగతి ఈమెకేం తెలుసని నేను నవ్వుకున్నాను.

అడగడం దేనికి? మా నాయన నేతగాడు, నేనూ ఒక ఏడాది నేతగాణ్ణే. మా వాళ్లలో చాలామందికి చదవడం రాదు, ట్యాబ్లెట్ మీద అక్షరాలు ఏం చేసుకుంటారు? మాట్లాడటం మాత్రం అందరికీ వచ్చు. కాబట్టి చెవికి తగిలించుకునే చిన్న సాధనం కావాలన్నాను. బటన్ నొక్కితే అది తెలుగులో, హిందీలో, ఒడియాలో అడుగుతుంది. ‘ఏ సాంచా? ఏం ఖరాబైంది?’ నేతగాడు నోటితో చెబుతాడు, కబురు మాస్టర్ ఫోన్‌కు పోతుంది. వారం రోజులు కూర్చుని వీడియోలు చూశాను, నాలుగు రకాలు పోల్చాను, బ్యాటరీ చూశాను, ధర చూశాను. తెలుగు ప్రశ్నలకు నా గొంతే ఇచ్చాను. గదిలో తలుపు మూసి సేఠ్ ముందు వాడి చూపించాను. గంట కొట్టినట్టు పనిచేసింది. సేఠ్ భుజం తట్టాడు. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే నేల మీద కాళ్లు ఆనలేదు.

పది రోజుల్లో అసలు సంగతి బయటపడింది. కుర్రవాళ్లు చెవిలోకి సాధనాన్ని గట్టిగా అదుముకుని, అరిచి, ఎలాగో పని జరిపించుకుంటున్నారు. ఏడుగురి పేర్ల ఎదురుగా మాత్రం నా కంప్యూటర్‌లో రోజూ ‘జవాబు లేదు’ అనే వస్తోంది. ఏడుగురూ పాతవాళ్లే. అన్న వాళ్లలో మొదటివాడు. మేనేజర్ ఆ జాబితా చూసి వీళ్లు కావాలనే చేస్తున్నారన్నాడు, కొత్తది ఏదొచ్చినా పాతవాళ్లు ఒప్పుకోరన్నాడు. నేను నేర్పిస్తానని కిందికి దిగాను.

అన్నకు సాధనం పెట్టి, ఎదురుగా నిలబడి పెదవులు కదుపుతూ అంతా వివరించాను. తలూపాడు. చిరునవ్వుతో మళ్లీ తలూపాడు. భోజనాల వేళ షెడ్డు ఆగింది. అంత నిశ్శబ్దంలో నేను పక్కకు తిరిగి నా ఫోన్ చూసుకుంటూ, “అన్నా, బటన్ ఎప్పుడు నొక్కాలె?” అన్నాను. బదులు లేదు. తల తిప్పి ఆయన వైపు చూసి మళ్లీ అడిగాను. వెంటనే చెప్పాడు. ఇంకోసారి వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచాను. పిలిచిన సంగతే ఆయనకు తెలియలేదు, టిఫిన్ డబ్బా మూత తీసుకుంటున్నాడు.

గేటు బయట చా బండి దగ్గరకు తీసుకెళ్లి ఎదురుగా కూర్చోబెట్టాను.

“ఏంది తమ్మీ, గింత దూరం తీస్కొచ్చినవ్?”

“అన్నా, నీకు ఇనవడ్తలేదు గదా?”

ఆయన చా గ్లాసు కింద పెట్టి అటూ ఇటూ చూశాడు. “పన్నెండేండ్లాయె. మొదలు పిట్టల సప్పుడు పోయింది. తర్వాత పోరగాండ్ల సప్పుడు పోయింది. ఇగ సాంచాల సప్పుడొక్కటే మిగిలింది. గది గూడ చెవులకెళ్లి కాదు, కాళ్లకెళ్లి. దారం తెగితే అరికాలుకు ఎరుకైతది.”

“ఎవలెవలికి తెలుసు?”

“నీ వదినెకు తెలుసు. ఇయ్యాల నీకు తెలిసింది.”

ఆయన జేబులోంచి ఫోన్ తీసి టైం చూసుకున్నాడు. అరచేతిలో పట్టనంత పెద్ద ఫోన్. మా నేతగాళ్లంతా అలాంటివే కొనేవాళ్లు. సినిమాల పిచ్చి అనుకునేవాణ్ణి, ఆ మాటే అన్నాను.

“సినిమాలు నాకెందుకు తమ్మీ?” నవ్వాడు. “దుకాణానికి ఇద్దరం పోతం. ఒకడు బయట నిలబడి విడియో కాల్ జేస్తడు, ఇంకొకడు లోపట జూస్తడు. పెదవులు సాఫ్‌గ కనవడాలె. బొమ్మ జర ఆగి ఆగి వచ్చిందనుకో, గా ఫోన్ ఒద్దంటం. ఎంత అగ్గువకొచ్చినా ఒద్దంటం. నా బిడ్డ ఊర్ల ఉంటది. అది మాట్లాడుతుంటె నేను జూడాలె గద!”

వారం రోజులు నేను చూసిన వీడియోల్లో ఎవరూ ఈ పరీక్ష చేయలేదు. చదువు రాని మనుషులు నాకంటే బాగా పరీక్షించి కొంటున్నారని నాకు అప్పుడు తెలిసింది. అంటే ఈ చెవిటితనం అన్న ఒక్కడిదే కాదు. కొంచెం ఎక్కువా కొంచెం తక్కువా షెడ్డులో పాతవాళ్లందరిదీ.

లేచేముందు ఆయన నా మోకాలు పట్టుకున్నాడు. “పద్నాలుగు నెలలు తమ్మీ. పీఎఫ్‌ల పదేండ్లు నిండుతయి, పింఛన్ వస్తది. గప్పటిదాంక నోరు మెదపకు. ఎరుకైతే చెవిటోడు మిషన్ల నడుమ ఉండొద్దని రేపే ఇంటికి తోల్తరు.” ఈ మిల్లుకు రాకముందు చిన్న షెడ్లలో ఆయన చేసిన ముప్పై ఏళ్ల పని ఏ కాగితంలోనూ లేదు. ఉన్నది ఈ మిల్లులో ఎనిమిదేళ్ల పది నెలలే. అది పదికి చేరకపోతే పింఛన్ లేదు.

“నా నోట్లకెళ్లి రాదన్నా,” అన్నాను. నిజంగానే అన్నాను.

ఇక్కడే నేను పైకి వెళ్లి, నేను ఎంచింది తప్పు, ఇది షెడ్డులో పనికిరాదు అని ఉండాల్సింది. కారణం కూడా చెప్పనక్కర్లేదు. చప్పుడెక్కువ అంటే సరిపోయేది, అబద్ధం కూడా కాదు. అలా అనలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాణ్ణి నేను. సేఠ్ తట్టిన చెయ్యి ఇంకా భుజం మీదే ఉన్నట్టుండేది. ఏం చేశానంటే సాధనాల్లో శబ్దం పెంచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టన్నది చిన్నప్పటి నుంచి వింటున్న సామెతే, ఊదేది నేనే అయ్యేసరికి గుర్తుకు రాలేదు.

నెల తిరగ్గానే అద్దాల గదిలో మీటింగ్ పెట్టారు. సేఠ్, మేనేజర్, సేఠ్ కూతురు, నేను. సేఠ్ కూతురు అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. నేను ఆమెకు ఎదురుగా, అద్దం వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. కింద మూడో వరస నాకు నేరుగా కనబడుతోంది. ఈ రోజు మీటింగ్ ఉందని పొద్దున అన్నకు నేనే చెప్పాను.

మేనేజర్ జాబితా బల్ల మీద పరిచాడు. ఏడుగురికి జవాబు లేదు, మిగతావాళ్లలో సగం మంది నుంచి తప్పు కబుర్లు, డబ్బు దండగ అన్నాడు. కామ్‌రేజ్ ట్యాబ్లెట్ల పాట మళ్లీ అందుకున్నాడు. “ఇరవై ఏళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాడు, ఒక సాధనం ఎంచడం రాలేదు,” అన్నాడు నా ముందే, సేఠ్ వైపు తిరిగి.

నాకు ఒళ్లు మండింది. “మిషన్‌లో లోపం లేదు,” అన్నాను హిందీలో. “లోపం వాళ్ల చెవుల్లో ఉంది. మూడో వరసలో ఎనిమిది సాంచాల మనిషి పూర్తిగా చెవిటివాడు. పన్నెండేళ్ల నుంచి దాస్తున్నాడు. కావాలంటే పిలిచి అడగండి.”

అని తల ఎత్తాను. కింద సాంచాల మధ్య అన్న నిలబడి ఉన్నాడు. చేతులు పనిలో ఉన్నాయి, ముఖం మాత్రం అద్దం వైపు ఉంది. నా నోటినే చూస్తున్నాడు. ఎప్పటి నుంచి చూస్తున్నాడో తెలియదు. నాకు పెదవుల మాట నేర్పిన మనిషి నా పెదవులు చదవలేడని నేనెలా అనుకున్నాను? అనుకోలేదు. అసలు ఆ ఊహే రాలేదు. తలుపు మూస్తే మాట బయటికి పోదని ఆ గది నాకు అలవాటు చేసింది.

సేఠ్ కూతురు జాబితా తిప్పి చూసింది. “తో క్యా హువా?” అంది. అయితే ఏమైందట అని. “మొత్తం షెడ్డులో తప్పులు తక్కువ వచ్చే బట్ట ఈయనదే. చెవులు లేకుండానే కదా నేశాడు. మనిషి ఉండాలి, మిషన్ మారాలి. ప్రతి సాంచా మీద ఒక ఎర్ర బల్బు పెట్టండి. మీట నొక్కితే వెలుగుతుంది, మాస్టర్ చూసి వస్తాడు. దీనికి యాప్ ఎందుకు?” సేఠ్ తలూపాడు. అయిదు నిమిషాల్లో తేలిపోయింది.

ఆ మాటలన్నీ ఆమె అద్దానికి వీపు పెట్టి అంది. కింద ఉన్న మనిషి ఆమె జుట్టు ముడి తప్ప ఏమీ చూడలేదు. ఆయన చూసింది నేనన్న సగమే.

నేను మళ్లీ కిందికి చూసేసరికి ఆయన సాంచాలను ఒక్కొక్కటే ఆపుతున్నాడు. తొందరేమీ లేదు. ఒకటి ఆపి, దారం సరిచేసి, బట్ట మీద దుమ్ము దులిపి, రెండో దాని దగ్గరికి పోతున్నాడు. ఎనిమిదీ ఆపాడు. మెట్లు దిగి షెడ్డు దాటి గేటు దగ్గరకు నేను పరుగెత్తేసరికి వెళ్లిపోయాడు. గుర్తింపు కార్డు వాచ్‌మన్ చేతికిచ్చి, తోలేదాకా ఉండనన్నాడట.

సాయంత్రం ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, అయిదారుసార్లు చేశాను. ఎత్తడం లేదని విసుక్కున్నాను కూడా. చెవిటి మనిషికి ఫోన్ చేసి ఎత్తడం లేదని విసుక్కున్న సిస్టమ్ సార్‌ను నేనే.

మర్నాడు పొద్దున్నే ఉన్ బస్తీలో ఆయన ఇంటికి వెళ్లాను. ఒక్కటే గది. వదినె కిటికీ దగ్గర కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది. ట్రంకు పెట్టె తీసి ఉంది, బట్టలు సగం సర్దారు. అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. “అన్నా,” అని నోరు తెరిచాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు.

అంతే. లేచి వెళ్లలేదు, తిట్టలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నేను చెబుతూనే ఉన్నాను, కాసేపటికి నా మాటలు నాకే వినబడుతున్నాయని అర్థమై ఆగాను. ఒక మనిషి ముందు నేనంత చిన్నబోయింది మళ్లీ ఎప్పుడూ లేదు.

“గిట్ల కండ్లు మూసుకున్నడంటే ఇగ ఎవలు చెప్పినా పోదు లోపటికి,” అంది వదినె. “ఏమైందో నాకు చెప్పు. పొద్దుగాల బండికి ఊరికి పోదమంటున్నడు.”

ఆమెకు చెప్పాను. నేనన్నదీ చెప్పాను, సేఠ్ కూతురు అన్నదీ చెప్పాను. దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆమె చేతిలో చీర పక్కన పెట్టింది. “నాయిన లెక్క జూసుకున్నడు నిన్ను షెడ్డుల,” అంది. తర్వాత లేచి అన్న మోకాలు మీద రెండుసార్లు తట్టింది. ఆయన ఆమె వైపు తిరిగి కళ్లు తెరిచాడు. ఆమె గొంతు లేకుండా పెదవులతోనే చెప్పింది. ఉండమన్నరట. బల్బులు పెడ్తరట. పద్నాలుగు నెలలు.

“ఎవలన్నరు?” అన్నాడు ఆయన, ఆమెతోనే.

“మేడమట.”

ఆయన మంచం మీంచి లేచాడు. తర్వాత ట్రంకు పెట్టె మూత వేశాడు. నా వైపు చూడలేదు.

సోమవారం పనిలోకి వచ్చాడు. వారంలో బల్బులు వచ్చాయి, నేనే దగ్గరుండి బిగింపించాను. చాలా చవకైన పని. సాంచా ఆగితే ఎర్రగా వెలుగుతుంది, షెడ్డు ఏ మూల నుంచైనా మాస్టర్‌కు కనబడుతుంది. నా చెవి సాధనాలు పెట్టెలో సర్ది స్టోర్ రూములో పెట్టాను. మిగిలిన ఆరుగురు పాతవాళ్లనూ ఎవరూ ఏమీ అనలేదు. మేనేజర్ మాత్రం ట్యాబ్లెట్లు రాలేదని చాన్నాళ్లు బాధపడ్డాడు. ఆ తర్వాత నేను ఏది కొనాలని రాసినా సేఠ్ కూతురు దాని మీద ఒకే మాట రాసి వెనక్కి పంపేది, వాడేవాళ్లను అడిగారా అని. కోపం రాలేదు. అడగడం మొదలుపెట్టాను, ఇప్పటికీ అడుగుతున్నాను.

అన్న పద్నాలుగు నెలలూ చేశాడు. రోజూ ఎదురుపడేవాళ్లం. నమస్తే పెడితే తలూపేవాడు. నేను నోరు తెరిచేలోపు మాత్రం చూపు దించుకునేవాడు. షెడ్డులో ఎవరితోనైనా నవ్వుతూ పెదవులు కదిపేవాడు, నేను వస్తే ఆపేవాడు. ఇంకెవరైనా దాన్ని గమనించారో లేదో నాకు తెలియదు.

చివరి రోజు పీఎఫ్ కాగితాలు నింపడానికి అద్దాల గదికి వచ్చాడు. ఆ పని నాదే. తప్పదు కనుక నా ఎదురుగా కూర్చుని నా నోటి వైపు చూశాడు. పాస్‌బుక్‌లో పేరు ఇదేనా అని అడిగాను. వదినె పేరు అడిగాను. ఊరి చిరునామా అడిగాను. పనిలో చేరిన తేదీ అడిగాను. నాలుగింటికీ జవాబు చెప్పాడు. పద్నాలుగు నెలల్లో ఆయన నా నోటి నుంచి తీసుకున్నవి ఆ నాలుగు ప్రశ్నలే.

సంతకం చేయాల్సిన చోటు వేలుతో చూపించాను. ఆయన కలం తీసుకుని కాగితం మీదికి వంగి, ఒక్కో అక్షరం నెమ్మదిగా రాస్తున్నాడు. అప్పుడు అన్నాను, “నన్ను మాఫ్ చెయ్యన్నా,” అని. ఆయన తల ఎత్తి నా నోటి వైపు చూసేదాకా ఆగి అనవచ్చు. నేను ఆగలేదు.